దారంతో కట్టిన వంకాయలు

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నాకు రెండు సంగతులు బాగా తెలుసనుకునేదాన్ని. ఒకటి సేద్యం. రెండోది, పేదవాళ్లకు ఏం కావాలో. ఆ రెండూ నాకు తెలియవని ఒకే ఊళ్లో, ఏడాది తిరిగే లోపల తేలిపోయింది. కొత్తగా ఉద్యోగాల్లో చేరే పిల్లలు, "మీరు చేసిన మంచి పని ఒకటి చెప్పండి మేడం" అని అడుగుతుంటారు. మంచి పనులు చెప్పుకోవడానికి అందరికీ ఉంటాయి. నేను మెమో తిన్న పని చెబుతాను, అది ఎక్కువ ఉపయోగం.

అరవైల మొదట్లో నన్ను గ్రామసేవికగా వేశారు. మాది బుచ్చిరెడ్డిపాలెం దగ్గర. పెన్నా కాలువ నీళ్లు గట్టు తెగి ఇంట్లోకి రాకుండా చూసుకోవడమే మా కష్టం, నీళ్లు లేకపోవడమంటే ఏమిటో తెలియదు. వరి నాటే చేతుల మధ్య పెరిగానని, పైగా శిక్షణలో మంచి మార్కులు తెచ్చుకున్నానని నాకు కాస్త గర్వం కూడా ఉండేది. ఆర్డరు చేతికొచ్చాక చూస్తే, వేసింది సముద్రం ఒడ్డున. కోట అనే ఊరి దాకా బస్సు, అక్కడి నుంచి ఎద్దుల బండి, తర్వాత ఉప్పు కాలువ మీద పడవ, ఆ పైన చెప్పులు చేత పట్టుకుని ఇసకలో నడక. నా ట్రంకు పెట్టె మోసుకొచ్చిన మనిషి దాన్ని దించి, "దీంట్లో ఇటికెలు పెట్టుకోనొచ్చినావా మా?" అని అడిగాడు. అన్నీ పుస్తకాలు.

అక్కడ రెండు ఊళ్లు. ఒడ్డున చేపల వేటకు పోయేవాళ్ల పాలెం. రెండు ఫర్లాంగుల ఇవతల, తాటిచెట్ల వెనక, కూలి సేద్యం చేసుకునే క్రైస్తవుల పల్లె. పల్లెలో చర్చి బడి ఉంది, పెంకులు వేసిన గది అదొక్కటే. దాని పక్కనున్న చిన్న వసారా గదిలో నేను దిగాను. బడి పంతులమ్మ నలభై ఏళ్ల మనిషి, తక్కువ మాట్లాడేది, ఏ మొక్కనైనా ముట్టుకుని దాని జబ్బు చెప్పేది. పాలెంలో అందరూ 'అవ్వ' అని పిలిచే ముసలమ్మ ఒకామె ఉండేది. చేపల గంపలు మోసి మోసి ఆమె మెడ ఇనుప కడ్డీలా ఉండేది. ఆమె మాత్రం ఎక్కువే మాట్లాడేది.

వీళ్లిద్దరూ కలిసి నేను రాకముందే ఒక పని మొదలుపెట్టారు. ఒక ఏడు వేట సరిగా లేక రెండు ఊళ్లూ గంజి తాగి బతికినప్పుడు, పాలెం వెనక ఇసకలో తలా కాస్త తోటకూర చల్లారట. అది నిలిచింది. తర్వాత పద్దెనిమిది మంది ఆడవాళ్లు చేరారు. చేపలమ్ముకుని, కూలి పని ముగించుకుని వచ్చాక పొద్దు వాలే వేళ ఒక గంట తోటలో పనిచేసేవాళ్లు. కాసింది అమ్మకూడదు. ముందు గంప బాలింత ఇంటికో, మంచాన పడినవాళ్లకో, ఎవరూ లేని ముసలివాళ్లకో పోవాలి. మిగిలింది తలా గుప్పెడు. అంతే వాళ్ల చట్టం. సంఘానికి పేరు లేదు. ఊళ్లో వాళ్లు 'కూరాకోళ్లు' అనేవారు.

నా ఉద్యోగంలో ఈ తోట లేదు. పొగరాని పొయ్యిలు ఇన్ని పెట్టించాలి, మరుగుదొడ్లు ఇన్ని తవ్వించాలి, అదీ నా పని. కానీ సాయంత్రాలు ఒంటరిగా ఉండలేక, నాకు తెలిసిన సేద్యం వాళ్లకు నేర్పుదామని నేనూ చేరాను. అలా పంతొమ్మిదోదాన్నయ్యాను.

మొదటి వారంలోనే నేర్పడం మొదలుపెట్టాను. "ఇసకలో ఏం పండుతుంది అవ్వా? అదిగో, ఆ పల్లంలో నేల నల్లగా ఉంది కదా, అక్కడ వేద్దాం" అన్నాను.

"ఆడ చవుడు మా. ఎండ తగిలితే ఉప్పు తేల్తాది. మేకలు గూడా పోవు ఆడికి."

"మేకలకేం తెలుసు" అన్నాను.

బ్లాకు ఆఫీసులో ఇచ్చిన టమోటా, క్యాబేజీ విత్తనాలు అక్కడ నారు పోయించాను. మొలకలు వచ్చాయి. నేను పాలెమంతా తిరిగి చెప్పుకున్నాను. పదో రోజుకు నేల మీద తెల్లగా పూత తేలింది, మొలకలు ఉప్పులో ఊరేసినట్టు వాలిపోయాయి. అవ్వ నా చెయ్యి పట్టుకుని తోట పక్కకు తీసుకుపోయి, మోకాళ్ల మీద కూర్చుని చేతులతో ఇసక తోడింది. మోచేతి లోతు పోగానే నీళ్లూరాయి. దోసిలితో తీసి నా నోటి దగ్గర పెట్టింది. అలల చప్పుడు వినిపించేంత దగ్గర సముద్రం, ఈ నీళ్లు మాత్రం తియ్యగా ఉన్నాయి. అలాంటి గుంటల్ని వాళ్లు దొరువులంటారు. తోటంతా కడవలతో ఆ నీళ్లు పోసి పెంచిందే. ఎండాకాలంలో దొరువు గోడలు కూలిపోతాయి, మళ్లీ తవ్వాలి. గోడలు కూలకుండా ఒరలు దించిన బావి ఒకటి ఉంటే బాగుండునని పంతులమ్మకు ఎప్పటినుంచో ఆశ.

అంతటితో నాకు బుద్ధి రాలేదు. చేపల పొట్టు మంచి ఎరువని పుస్తకంలో ఉంది. రెండు గంపల పొట్టు తెచ్చి మొక్కల మొదళ్లలో వేయించాను. మర్నాడు పొద్దున తోటలో రెండు ఊళ్ల కుక్కలూ ఉన్నాయి, మొక్కలు లేవు. పంతులమ్మ నెమ్మదిగా చెప్పింది: "గుంటలో వేసి, సరుగుడాకు కప్పి, రెండు నెలలు మాగబెట్టాలమ్మా. మేము చేసేదే. నువ్వు అడగలేదు గదా." మరోసారి ఒక బాలింత ఇంటికి మంచి గుమ్మడికాయ మోసుకెళితే, వాళ్ల అత్త దాన్ని నా నెత్తి మీదే తిరిగి పెట్టి పంపింది. "పచ్చి బాలింతకి గుమ్మడికాయంట. ఈ పాపకి పెళ్లయినాదా?" అని నా వెనక అడగడం వినిపించింది. కాలేదు.

ఆ తర్వాత చెప్పడం తగ్గించి కడవలు మోయడం మొదలుపెట్టాను. మోసే కొద్దీ తోట నాకు మంచిగా కనిపించసాగింది. చుట్టూ తాటాకు దడి, దాని మీద చిరిగిన పాత వలలు. వలలు చూసి కాకులు భయపడేవి. సరుగుడు గుంజల మీద పరిచిన వలల పైకి సొర తీగ, బీర తీగ పాకేవి. కింద తెల్ల వంకాయలు, మిరప, గోంగూర. మొదట్లో పాలెం వాళ్ల దొరువు వేరుగా, పల్లె వాళ్ల దొరువు వేరుగా ఉండేది. ఒక ఎండాకాలం ఒకటి కూలిపోయింది. రెండోదాంట్లో అందరూ ముంచుకున్నారు. కూలింది మళ్లీ ఎవరూ తవ్వలేదు. దాని గురించి ఎవరూ మాట్లాడనూ లేదు.

ఇక నా అసలు తప్పు. నెల రిపోర్టులో పొయ్యిల లెక్క తక్కువగా ఉందని, ఖాళీ నిండడానికి తోట గురించి రెండు వాక్యాలు రాశాను. మా బ్లాకులో వ్యవసాయం చూసే విస్తరణాధికారి ఒకాయన ఉండేవారు. నన్ను చెల్లెలిలా చూసేవారు, నేనూ 'అన్నా' అనేదాన్ని. చాలా మంచి మనిషి, చాలా భయస్థుడు. పై ఆఫీసు నుంచి కవరు వస్తే ముందు దేవుడి పటం దగ్గర పెట్టి తర్వాత విప్పేవారు. ఆయన నా రెండు వాక్యాలను ఒక పేరా చేశారు. ఆయన పైవారు దాన్ని ఒక పేజీ చేశారు. అది జిల్లా చేరేసరికి 'మహిళలు నిర్వహించు ఆదర్శ ఉద్యానవనం' అయింది. పై వారం గురువారం నాడు జిల్లా నుంచి పెద్ద ఆఫీసరు స్వయంగా చూడ్డానికి వస్తున్నారని కబురొచ్చింది.

నేను నేల మీద నిలవలేదు. ఆయన మెచ్చుకుంటే బావి వస్తుందని పంతులమ్మకు చెప్పాను. బావితో పాటు నా పేరు కూడా నెల్లూరు దాకా పోతుందని చెప్పలేదు. పది రోజులు కాయలు కొయ్యొద్దనీ, చెట్లు నిండుగా కనిపించాలనీ అందరినీ అడిగాను.

అవ్వ కొయ్యబోతున్న వంకాయను వదిలేసింది. "చూసేదానికి కాయలు పెంచేది నేను యాడా చూళ్లా. సర్లే. నీ ఉద్యోగం గదా."

పది రోజులు గంపల్లో ఉట్టి ఆకుకూరే పోయింది. చెట్లు మాత్రం విరగకాశాయి. బుధవారం పొద్దున చూసుకుంటే నా దిష్టే తగిలేలా ఉంది.

ఆ బుధవారం మధ్యాహ్నం పడమటి గాలి వేడిగా తోలుతోంది. పల్లెలో మగా ఆడా కూలికి పోయి ఉన్నారు. ఎవరి పొయ్యిలోని నిప్పో ఎగిరి తాటాకు కప్పు మీద పడింది. తోటలో ఉన్న మేము పొగ చూసి పరుగెత్తాం. పాలెం మగవాళ్లు వలలు వదిలేసి దొరువు నుంచి పల్లె దాకా వరసగా నిలబడి కడవలు అందించారు. అయినా పదకొండు ఇళ్లు పోయాయి. మనుషులకేమీ కాలేదు. పెంకుల గది గనక బడీ, నా ట్రంకూ దక్కాయి. పంతులమ్మ ఇల్లు నిలువునా కాలిపోయింది. ఆమె బూడిదలోంచి ఒక ఇత్తడి చెంబు తీసి, కొంగుతో తుడిచి, పక్కింటి పిల్లకు నీళ్లు పట్టింది. ఆ సాయంత్రం పాలెం ఇళ్ల నుంచి గంజి వచ్చింది. అందరూ తాటిచెట్ల కింద పడుకున్నారు.

గురువారం తెల్లారగానే తోటకు వెళ్లాను. పాలెం ఆడవాళ్లు అప్పటికే కోస్తున్నారు. సగం మళ్లు ఖాళీ. వంకాయలు గంపల్లోకి పోతున్నాయి, సొరకాయలు దడి పక్కన వరసగా పేర్చి ఉన్నాయి.

ఇప్పుడు నేను చెప్పబోయే మాట నేనే అన్నాను. మార్చి చెప్పుకోవడానికి చాలా ఏళ్లు ప్రయత్నించాను, కుదరలేదు.

"అవ్వా, మధ్యాహ్నం దాకా ఆగండి. ఆయన చూసి పోయాక కోసుకుందాం. అట్టయితే బావి కూడా వస్తుంది."

కోసే చేతులు ఆగాయి. అవ్వ తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది.

"బావి మాట నిజమే" అంది. "ఆ పిల్లకాయలు నిన్న మజ్జానం కాడ్నుంచి గంజి మింద ఉండారు. నువ్వు పొయ్యి వాళ్లకి చెప్పిరా, ఆఫీసరు చూసినాక వొండుతామని. చెప్పిరా పో. నేను ఆగతా."

ఆమె నిజంగానే ఆగింది. గంప చంకలో పెట్టుకుని నిలబడింది. నేను పల్లె వైపు చూశాను. రెండు ఫర్లాంగుల దూరం. ఒక్క అడుగు వెయ్యలేకపోయాను. కాసేపటికి అవ్వ మళ్లీ వంగింది, అందరూ కోత సాగించారు. నేనూ ఒక గంప పట్టుకున్నాను. 

ఇక్కడితో నేను బాగుపడ్డానని మీరు అనుకుంటారు. అదీ లేదు.

తొమ్మిది గంటలకు అన్న వచ్చారు. ఆఫీసరు గారి భోజనానికి కావలసిన సరుకు గోనెసంచిలో మోయించుకుని ముందుగా పడవ దాటారు. తోట చూసి ఇసకలో కూలబడ్డారు. నేను సంగతంతా చెప్పాను. "వాళ్లకి పెట్టింది మంచిదేనమ్మా, మంచిదే" అంటూనే కళ్లు గట్టిగా మూసుకున్నారు. కొంచెంసేపటికి తెరిచి సంచి వైపు చూశారు.

"దీంట్లో రెండు వీశెల వంకాయలుండాయి" అన్నారు.

"అయితే?"

"దారముందా?"

వద్దనడానికి నాకు నోరుంది. అనలేదు. వల అల్లే నూలు తెచ్చాను. ఇద్దరం గొంతుకూర్చుని ఒక్కో కాయనూ కొమ్మలకు కట్టసాగాం. మా మొక్కలు తెల్ల వంకాయలవి. ఆయన తెచ్చినవి నల్లవి. నేనా మాట అంటే, "పెద్దాయన పట్నం మనిషి, ఆయనకేం తెలుస్తాది" అన్నారు. తొందరలో కొన్ని మిరప చెట్లకు కూడా కట్టారు. అవ్వ చివరి గంప ఎత్తుకుని పోతూ మా దగ్గర ఆగింది. మేం తలెత్తలేదు.

"గట్టిగా కట్టండి. గాలి తోల్తా ఉండాది" అని వెళ్లిపోయింది.

పదకొండుకు ఆఫీసరు గారు వచ్చారు. నలుగురు గుమాస్తాలు వెంట ఉన్నారు. లావుపాటి మనిషి, ఇసకలో నడిచి చెమటతో తడిసిపోయారు. నేను గుక్క తిప్పుకోకుండా దడి గురించీ, వలల గురించీ చెబుతున్నాను. ఆయన వింటూ నడిచి, ఒక మొక్క దగ్గర ఆగారు. కళ్లజోడు సర్దుకుని వంగారు. కాయ పట్టుకుని లాగారు. కాయతో పాటు జానెడు దారం కూడా వచ్చింది.

"ఇది ఏ రకమమ్మా?" అని అడిగారు.

నా వెనక నుంచి అన్న గొంతు వినిపించింది. "కొత్త రకం సార్."

సరిగ్గా అప్పుడు గాలి ఒక్క ఊపు ఊపింది. పక్క మిరప చెట్టు మీది నుంచి రెండు నల్ల వంకాయలు ఊడి ఆయన బూటు పక్కన పడ్డాయి. ఒక గుమాస్తా దగ్గుతున్నట్టు మొహం తిప్పుకున్నాడు.

అప్పటికి నాకు ఏడుపూ నవ్వూ రెండూ ఒకేసారి వచ్చాయి. అన్న నా కాలు తొక్కుతూనే ఉన్నారు, నేను ఉన్నదంతా చెప్పేశాను. నిప్పంటుకోవడం, పొద్దున కోసెయ్యడం, నేను ఆగమనడం, తర్వాత దారం. ఆయన చేతిలోని వంకాయను తిప్పుతూ విన్నారు.

"పల్లె ఎక్కడ?" అన్నారు.

తాటిచెట్ల కింద చేపలు ఉడకబెట్టే పెద్ద బానలు మూడు పొయ్యిల మీద ఉన్నాయి. వంకాయ, సొరకాయ వేసిన పులుసు వాసన దూరం నుంచే వస్తోంది. పిల్లలు తాటాకు దొన్నెలతో కూర్చుని ఉన్నారు, కొందరికి అప్పుడే రెండో విడత. బూడిద అంటిన మొహాలతో పెద్దవాళ్లు కప్పులకు కొత్త ఆకు చీలుస్తున్నారు. అవ్వ ఆఫీసరు గారిని చూసి లేవలేదు. "కూసోండయ్యా, ఇసకలో కాళ్లు కాలతాయి" అని తాటాకు చాప జరిపింది.

ఆయన కూర్చున్నారు. గుమాస్తాలు ఎక్కడ నిలబడాలో తెలియక తాటిచెట్ల నీడ వెతుక్కున్నారు.

"ఈ సంఘానికి అధ్యక్షురాలెవరు?" అని అడిగారు.

ఆడవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"పోనీ, ఎవరికి ఏమిచ్చారో రాసుకున్న పుస్తకం ఉందా?"

పంతులమ్మ గరిటె పక్కన పెట్టి లేచింది. కాలిపోయిందని చెబుతుందేమో అనుకున్నాను. అలా చెప్పి ఉంటే ఎవరూ కాదనేవారు కాదు.

"పుస్తకం ఎప్పుడూ లేదండీ. ఎవరింట్లో పొయ్యి వెలగలేదో అందరికీ తెలుస్తాది. రాసుకునేదెందుకు?"

ఆయన దొన్నె పట్టుకుని పులుసూ అన్నం తిన్నారు. రెండోసారి పులుసు అడిగి వేయించుకున్నారు. లేచేటప్పుడు నన్ను పక్కకు పిలిచారు.

"చెట్లకు కాయలు లేనందుకు నాకు కోపం లేదు. ఉన్నట్టు కట్టినందుకు మాత్రం మెమో వస్తుంది. ఇద్దరికీ."

వచ్చింది. 'నిరుత్పాదక స్థితిలో ఉన్న తోటను ఉత్పాదక స్థితిలో ఉన్నట్లు చూపుటకు గల కారణములను వారము దినములలో తెలుపవలెను.' అన్న ఆ రాత్రికి రాత్రే తన సంజాయిషీ రెండు పేజీలు రాసి పంపేశారు. అందులో గాలి ఉంది, పురుగు ఉంది, ఆయన భార్య అనారోగ్యం కూడా ఉంది. వంకాయ మాత్రం లేదు. ఆ తర్వాత చాలా ఏళ్లు, కూరగాయల సంతలో ఆయన వంకాయ ఎత్తితే తొడిమ వైపు ఒకసారి చూసి కానీ సంచిలో వేసేవారు కాదు.

నేను బడి వసారాలో తెల్లకాగితం ముందు రెండు సాయంత్రాలు కూర్చున్నాను. ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. రాసిన ప్రతి వాక్యమూ నన్ను కాపాడేదిగానే తయారవుతోంది. మూడో సాయంత్రం, నేను తోట పనికి రాలేదేమని కూరాకోళ్లు వెతుక్కుంటూ వచ్చారు. సంగతి చెప్పాను.

"దానికింత ఆలోచనేంది?" అంది అవ్వ. "నేను చెప్తా, రాయి. కాయలు కాసినాయి. ఆకలైనోళ్లు తిన్నారు. మళ్లా కాస్తాయి."

"దారం సంగతి?"

"అదీ రాయి. దాచిపెట్టబాక. దారం నేనే కట్టినానని రాయి. కట్టింది నువ్వే గదా."

రాశాను. అంతా కలిపి నాలుగు వాక్యాలు. కింద నేను సంతకం పెట్టాక, పంతులమ్మ కలం తీసుకుని తన సంతకం పెట్టింది. "తిన్నోళ్లలో నేనూ ఉండాను" అంది. మిగతావాళ్లు వేలిముద్రలు వేస్తామన్నారు. ఇది ఆఫీసు కాగితమనీ, ఇలా కుదరదనీ చెప్పాను. నా మాట వినే అలవాటు వాళ్లకెప్పుడూ లేదు. సిరా బొటనవేళ్లకు పూసుకుని పదిహేడు ముద్రలు వేశారు. కాగితం చాలక కొన్ని మార్జిన్‌లోకి ఎక్కాయి. ఒకటి నా సంతకం మీదే పడింది. దాన్ని అలాగే పంపాను. పంపిన రోజు నుంచి ట్రంకు పెట్టె సర్దుకునే ఉంచాను.

నెల తర్వాత జవాబు వచ్చింది. తోటలో అందరూ ఉన్న వేళ విప్పి చదివాను. సంజాయిషీ అంగీకరించడమైనది. ఇకమీదట తోటలోని ఉత్పత్తిని పంచుటకు ముందు పై అధికారుల అనుమతి పొందవలెను. బావి గురించి వేరుగా పరిశీలించబడును. ఆ పరిశీలన రెండేళ్లు సాగింది, చివరికి బావి వచ్చింది.

అవ్వ అంతా శ్రద్ధగా విన్నది.

"అనుమతంటే, మనం అడిగితే వాళ్లు రాసి పంపిస్తారా?"

"అవునవ్వా."

"ఎన్ని దినాలు పడతాది?"

"నెల పట్టొచ్చు."

ఆమె పక్కనున్న బీరకాయల గంప రెండు చేతులా ఎత్తి నా నెత్తిన పెట్టింది.

"అయితే నువ్వు రాస్తా ఉండు. ముందు ఇది తీసకపొయ్యి పల్లెలో ఇచ్చిరా, తెల్లారితే వాడిపోతాయి."

ఆ ఊళ్లో ఇంకో మూడేళ్లు పనిచేశాను. అనుమతి కోరుతూ ఒక్క కాగితం రాయలేదు, ఒక్క గంప ఆగలేదు.